సూరత్ షావుకారు వీర్జీ వోరా – 1664 నాటి కథ

మన సంఘ సభ్యుల్లో గుజరాత్‌లో పనిచేయని వాళ్లు తక్కువ. జామ్‌నగర్, భుజ్, ఓఖా, అహ్మదాబాద్ – ఎక్కడో ఒకచోట రెండు మూడేళ్లు గడిపే ఉంటాం. సెలవు మీద ఇంటికి వచ్చేటప్పుడు, తిరిగి వెళ్లేటప్పుడు రైలు సూరత్‌లో ఆగుతుంది. ప్లాట్‌ఫారం మీద తెలుగు మాట వినబడితే ఆశ్చర్యపోనక్కర్లేదు. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి బతుకుతెరువు కోసం వెళ్లి, అక్కడి మరమగ్గాల మీద పనిచేస్తున్న పద్మశాలి కుటుంబాలు సూరత్‌లో ఎన్నో ఉన్నాయి.

నేను గుజరాత్‌లో ఉన్న రోజుల్లో ఒక ఆదివారం సూరత్ దిగి, తాపీ నది ఒడ్డున ఉన్న పాత కోట చూశాను. దానికి కొంత దూరంలో ఇంగ్లీషువాళ్ల పాత శ్మశానం ఉంది. అందులో జార్జ్ ఆక్సెండెన్ అనే ఇంగ్లీషు వ్యాపారాధికారి సమాధి గుమ్మటాలతో చిన్న మహల్‌లా ఉంటుంది. ఆయనా, ఆయన సోదరుడు క్రిస్టఫర్ కూడా అక్కడే ఉన్నారు. ఈయన ఎవరు, ఇంత సమాధి ఎందుకు అని ఆరా తీస్తూ చదువుతుంటే ఇంకో పేరు తగిలింది. అదే వీర్జీ వోరా. ఆక్సెండెన్ కంపెనీకి అప్పులిచ్చిన షావుకారు. తన కాలంలో ప్రపంచంలోకెల్లా ధనవంతుడైన వర్తకుడని విదేశీయులే రాసిపెట్టిన మనిషి. 1664 జనవరిలో ఆయన ఇల్లు రెండు రోజులపాటు దోపిడీకి గురై, చివరికి తగలబడిపోయింది.

ఆ సంఘటనను మనం సాధారణంగా శివాజీ మహారాజు సాహసాల్లో ఒకటిగా చదువుకుంటాం. అది నిజమే. కానీ యూనిఫాం వేసుకున్నవాళ్లం కాబట్టి దాన్ని రెండో వైపు నుంచి కూడా చూడాలి. అంత సంపద ఉన్న ఊరికి కాపలా ఏమైంది? ఆ కాపలా కోసం ఇచ్చిన జీతాలు ఎవరి జేబులోకి పోయాయి? వీర్జీ వోరా జీవితం ఈ ప్రశ్నలకు జవాబు చెబుతుంది.

ఆనాటి సూరత్

పదిహేడో శతాబ్దంలో మొఘల్ సామ్రాజ్యానికి సముద్రపు వాకిలి సూరత్. మక్కా యాత్రకు వెళ్లే హాజీలు ఓడ ఎక్కేది ఇక్కడే. అరేబియా నుంచి గుర్రాలు, ఐరోపా నుంచి వెండి దిగేదీ ఇక్కడే. ఒక్క సుంకాల మీదే ఏడాదికి 12 లక్షల రూపాయలు ఖజానాకు వచ్చేవని చరిత్రకారులు లెక్క కట్టారు. జనాభా సుమారు 2 లక్షలు.

ఇంగ్లీషువాళ్లు 1612లో సూరత్ దగ్గరి సువాలీ రేవులో పోర్చుగీసు ఓడలతో యుద్ధం చేసి నిలబడ్డారు. మరుసటి ఏడాది ఊళ్లో తమ ఫ్యాక్టరీ పెట్టుకున్నారు. ఆనాటి ఫ్యాక్టరీ అంటే యంత్రాలు ఉండే కార్ఖానా కాదు, సరుకు గిడ్డంగి, గుమస్తాల బస, ఆఫీసు కలిసి ఉన్న భవనం. కొద్ది ఏళ్లకే డచ్చివాళ్లు కూడా వచ్చారు. ఇక్కడ మన తెలుగువాళ్లకు ఒక చిన్న గర్వకారణం ఉంది. ఇంగ్లీషువాళ్లు మన మచిలీపట్నంలో అడుగుపెట్టింది 1611లో. అంటే సూరత్ ఫ్యాక్టరీ కంటే ముందే.

సూరత్‌కు కోట ఒకటి ఉండేది. పోర్చుగీసువాళ్ల దాడులను తట్టుకోవడానికి గుజరాత్ సుల్తాను మూడో మహమూద్ కాలంలో, 1540ల్లో, ఖుదావంద్ ఖాన్ బిరుదున్న ఖ్వాజా సఫర్ అనే సేనాని కట్టించాడు. కోట గట్టిదే. కానీ అది నది ఒడ్డున ఒక మూల ఉంది. ఊరంతా దాని బయటే ఉంది. ఊరి చుట్టూ సరైన గోడ లేదు. ఉన్నచోట కూడా మట్టికట్ట మాత్రమే. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఎవరీ వీర్జీ వోరా?

వీర్జీ వోరా సుమారు 1590లో పుట్టి ఉంటాడని అంచనా. వోరా అన్న ఇంటిపేరు వ్యవహారం అనే మాటలోంచి వచ్చిందంటారు, అంటే వ్యాపారస్థుడని. కొన్ని పుస్తకాల్లో ఈయన పేరు బహర్జీ బోరా అని కనబడుతుంది. దాన్ని చూసి బోహ్రా ముస్లిం అని పొరబడేవాళ్లున్నారు. ఈయన జైనుడు. విగ్రహారాధన లేని స్థానకవాసి శాఖకు చెందినవాడు. జైన సంఘానికి పెద్దగా, సంఘపతిగా గౌరవం పొందినవాడు. ఆ శాఖను సంస్కరించిన లవ్‌జీ ఋషి అనే సన్యాసి ఈయన కూతురు ఫూలాబాయి కొడుకేనని జైన సంప్రదాయం చెబుతుంది. తాత కోట్లకు పడగెత్తితే మనవడు అన్నీ వదిలేసి సన్యాసం పుచ్చుకున్నాడన్నమాట.

ఇంగ్లీషు కంపెనీ కాగితాల్లో ఈయన పేరు 1619 నుంచి కనిపిస్తుంది. అప్పటి నుంచి యాభై ఏళ్లపాటు ఆ పేరు లేని సూరత్ దస్తావేజులు తక్కువ. మిరియాలు, పగడాలు, పాదరసం, ఇంగిలీకం, ఏనుగు దంతాలు, సీసం, రాగి, నల్లమందు, నూలు బట్ట – ఈయన చెయ్యి పడని సరుకు లేదు. ఆగ్రా, బుర్హాన్‌పూర్, అహ్మదాబాద్, గోల్కొండ, కాలికట్‌లలో గుమస్తాలు ఉండేవాళ్లు. సముద్రం అవతల ఎర్రసముద్రపు రేవులు, పర్షియా సింధుశాఖ, ఆగ్నేయాసియా దీవుల దాకా సరుకు వెళ్లేది.

వ్యాపారంలో ఆయన పద్ధతి సూటిగా ఉండేది. ఒక సరుకు రేవులో దిగిందంటే మొత్తం తానే కొనేసేవాడు. ఆ తర్వాత ఎవరికి కావాలన్నా ఈయన గుమ్మం తొక్కాల్సిందే. 1625లో మిరియాలు ఇలాగే మొత్తం పట్టేశాడు. ఇంగ్లీషువాళ్లు ధర తగ్గించమని బేరం ఆడారు. కుదరలేదు. నేరుగా దక్కన్‌లో కొందామని మనుషుల్ని పంపారు. తీరా చూస్తే అక్కడ కూడా వీర్జీ వోరా గుమస్తాలు ఎక్కువ ధర ఇచ్చి కొంటున్నారు. గుమస్తాలు విసుక్కుంటూ లండన్‌కు ఉత్తరాలు రాసుకున్నారు. విసుక్కున్నా సరే, ఆయన్ని వదులుకోలేకపోయారు. ఎందుకంటే డబ్బు అవసరమైతే ఇచ్చేది ఆయనే.

1630 నుంచి 1632 వరకు గుజరాత్‌ను ఘోరమైన కరువు పట్టి పీడించింది. నేతగాళ్లు చచ్చిపోయారు, బతికినవాళ్లు ఊళ్లు విడిచిపోయారు. ఆ దెబ్బకు ఎంతోమంది వ్యాపారులు చితికిపోయారు. వీర్జీ వోరా నిలదొక్కుకున్నాడు. 1636లో ఇంగ్లీషువాళ్లకు 2 లక్షల రూపాయలు అప్పిచ్చాడు. 1642లో మరో లక్ష. ఈస్టిండియా కంపెనీ అంటే మనకు దేశాన్ని మింగిన కొండచిలువ గుర్తొస్తుంది. కానీ ఆ రోజుల్లో ఆ కంపెనీ మన దేశపు షావుకారు దగ్గర నెలవారీ వడ్డీకి అప్పు తెచ్చుకుని, ఆ డబ్బుతో సరుకు కొని, ఓడ నింపుకునేది.

గోల్కొండ దాకా అల్లుకున్న తీగ

ఇక్కడే మన ప్రాంతపు కథ కూడా కలుస్తుంది. సూరత్ నుంచి బుర్హాన్‌పూర్, ఔరంగాబాద్ మీదుగా గోల్కొండకు, అక్కడి నుంచి మచిలీపట్నానికి బాట ఉండేది. కృష్ణా తీరపు కొల్లూరు గనుల వజ్రాలు, తీరాంధ్రలో నేసిన బట్టలు, అద్దకం కలంకారీలు ఇటూ, సూరత్ వెండి, పగడాలు అటూ ప్రయాణించాయి. బండ్లు, ఎడ్లు, ఒంటెలు మోసింది కొంతయితే, మిగతాది హుండీ కాగితాల మీద నడిచింది. సూరత్‌లో డబ్బు కట్టి, హుండీ రాయించుకుని గోల్కొండలో సొమ్ము తీసుకునే ఏర్పాటు అది. ఈనాడు మనం జీతాన్ని ఇంటికి ట్రాన్స్‌ఫర్ చేసినట్టే.

1647లో ఇంగ్లీషువాళ్లకు గోల్కొండలో డబ్బు అవసరపడింది. కోరమాండల్ తీరంలో బట్ట కొనాలి, చేతిలో పైకం లేదు. అప్పుడు వీర్జీ వోరా గోల్కొండ శాఖ 20,000 వరహాలు ఇచ్చింది. వడ్డీ నెలకు నూటికి ఒకటి పైచిలుకు. అంటే మన నేతగాడికి దక్కిన బయానాలో కొంత భాగం, మాటకు సూరత్‌లోని ఒక జైన షావుకారు పెట్టెలోంచి వచ్చి ఉంటుంది. ఈనాడు మన నేతగాళ్లు సూరత్ వెళ్లి పనిచేస్తున్నారు. ఆనాడు సూరత్ పెట్టుబడి మన నేతగాళ్లను వెతుక్కుంటూ వచ్చింది.

సింహాసనం నీడలో

ఇంత డబ్బున్నవాడికి భయం ఎందుకు ఉంటుందని అనుకుంటాం. కానీ ఆయన జీవితమంతా అధికారుల దయ మీద ఆధారపడింది.

1638లో సూరత్ గవర్నరుగా ఉన్న హకీం మసీహ్ ఉజ్ జమాన్‌కూ ఈయనకూ గొడవ వచ్చింది. గవర్నరు తలచుకుంటే కారణాలకు కొదవా? వీర్జీ వోరాను పట్టుకుని జైల్లో పెట్టించాడు. వ్యవహారం షాజహాన్ దర్బారు దాకా వెళ్లింది. చక్రవర్తి విచారించి షావుకారును విడిపించాడు. గవర్నరు పదవి పోయింది. న్యాయం జరిగిందనే చెప్పాలి. కానీ ఊళ్లోకెల్లా పెద్ద వ్యాపారిని ఒక అధికారి తన ఇష్టం వచ్చినట్టు కటకటాల వెనక్కి నెట్టగలడని కూడా అందరికీ తెలిసివచ్చింది.

తర్వాత 1657లో షాజహాన్ జబ్బుపడ్డాడు. కొడుకుల మధ్య సింహాసనం కోసం పోరు మొదలైంది. గుజరాత్ సుబేదారుగా ఉన్న మురాద్ బక్ష్‌కు సైన్యానికి డబ్బు కావాలి. షాబాజ్ ఖాన్ అనే సేనానిని సూరత్ మీదికి పంపాడు. అతను కోట పట్టుకుని వర్తకుల మెడ మీద కత్తి పెట్టినంత పనిచేశాడు. చివరికి ఊరి వర్తకులందరి తరఫున హాజీ జాహిద్ బేగ్, వీర్జీ వోరా ఇద్దరూ కలిసి 5 లక్షల రూపాయలు అప్పు పేరుతో సమర్పించారు. ఒకరు ముస్లిం, ఒకరు జైనుడు. ఊరికి ఆపద వస్తే ముందు నిలబడాల్సిన పెద్దలు ఆ ఇద్దరే.

ఇలా రాజుకు సుంకం కట్టాడు, గవర్నరుకు నజరానాలు ఇచ్చాడు, రాకుమారుడికి అప్పిచ్చాడు. వీటన్నిటికీ బదులుగా పాలకుల నుంచి ఆయనకు రావాల్సింది ఒక్కటే, ప్రాణానికీ ఆస్తికీ రక్షణ. అది దొరికిందో లేదో 1664 జనవరిలో తేలిపోయింది.

జనవరి 5, మంగళవారం

ముందుగా శివాజీ పరిస్థితి చూద్దాం. ఔరంగజేబు మేనమామ షయిస్తా ఖాన్ పెద్ద సైన్యంతో వచ్చి పుణెలో తిష్ఠవేసి, మరాఠా దేశాన్ని మూడేళ్లు నలిపేశాడు. పొలాలు పాడయ్యాయి, ఖజానా ఖాళీ అయింది. 1663 ఏప్రిల్‌లో శివాజీ రాత్రివేళ పుణెలో అతని మకాం మీదే దాడి చేసి వేళ్లు నరికి పంపాడు. పరువు దక్కింది గానీ డబ్బు రాలేదు. యుద్ధం చేస్తున్న శత్రువు డబ్బు సంచి ఎక్కడుందో ఆయనకు తెలుసు. అది సూరత్.

సుమారు 4,000 మంది గుర్రపు దళంతో, దారిలో కలిసిన మరికొందరితో ఆయన ఉత్తరానికి కదిలాడు. దారిలో ఎవరైనా అడిగితే, తాను మొఘల్ సేనానినేననీ, అహ్మదాబాద్ వైపు తిరుగుబాటుదార్లను అణచడానికి పోతున్నాననీ చెప్పించాడు. అప్పటి ఇంగ్లీషువాళ్ల పాత క్యాలెండర్ లెక్కన జనవరి 5, మంగళవారం నాడు ఈ సేన సూరత్‌కు దక్షిణాన సుమారు 45 కిలోమీటర్ల దూరంలోని గణదేవి దగ్గరికి వచ్చిందని కబురు అందింది. అప్పుడుగానీ ఊరికి మెలకువ రాలేదు. ఇంటెలిజెన్స్ పరంగా ఇది ఒకరికి ఘనవిజయం, మరొకరికి ఘోర వైఫల్యం.

ఊళ్లో గగ్గోలు బయల్దేరింది. జనం పెళ్లాం పిల్లలతో తాపీ నది దాటి పల్లెలకు పరుగులు తీశారు. డబ్బున్నవాళ్లు కోట అధికారికి లంచాలిచ్చి లోపల చోటు సంపాదించారు. ఊరి గవర్నరు ఇనాయత్ ఖాన్ ఏం చేశాడు? ఊరిని గాలికి వదిలేసి తానూ కోటలో దూరాడు. ఈయన పాలన ఎలాంటిదంటే, 500 మంది సైనికుల జీతం ఖజానా నుంచి తీసుకుంటున్నాడు. సైన్యం మాత్రం సరిగ్గా పెట్టలేదు. మస్టర్ రోల్‌లో పేర్లున్నాయి, మైదానంలో మనుషులు లేరు. కంచే చేను మేస్తే కాపేమి చేయగలడు?

బుధవారం ఉదయం పదకొండు గంటలకు శివాజీ బుర్హాన్‌పూర్ దర్వాజా బయట ఒక తోటలో డేరా వేశాడు. అంతకు ముందు రాత్రే ఆయన కబురు పంపి ఉన్నాడు. గవర్నరూ, ఊళ్లో పెద్ద వర్తకులు ముగ్గురూ – హాజీ సయ్యద్ బేగ్, వీర్జీ వోరా, హాజీ ఖాసిం – స్వయంగా వచ్చి ఎంత ఇస్తారో తేల్చుకోవాలనీ, లేకపోతే ఊరు బూడిదవుతుందనీ దాని సారాంశం. ఎవరూ వెళ్లలేదు, జవాబూ ఇవ్వలేదు. నాలుగు పేర్లలో వీర్జీ వోరా పేరు ఉందంటే, ఆయన సంపద సంగతి రాయగఢ్, రాజగఢ్ కొండల దాకా పాకిందని అర్థం.

ఆ ఇంట్లో రెండు రోజులు

మరాఠా సేన కాపలా లేని ఊళ్లోకి ప్రవేశించింది. కోటలోంచి ఫిరంగులు పేల్చారు గానీ ఆ గుళ్లు శత్రువు కంటే ఊరి ఇళ్లకే ఎక్కువ నష్టం చేశాయి. బుధ, గురు, శుక్ర, శని – నాలుగు రోజులు దోపిడీ నడిచింది. వేలాది ఇళ్లు కాలిపోయాయి. రాత్రి మంటల వెలుగు పగటిలాగా, పగలు పొగ రాత్రిలాగా ఉందని చూసినవాళ్లు రాసుకున్నారు.

వీర్జీ వోరా భవంతి డచ్చివాళ్ల ఫ్యాక్టరీకి దగ్గరగా ఉండేది. ఆయన ఆస్తి 80 లక్షల రూపాయలని ఊళ్లో అనుకునేవాళ్లు. సూరత్ ఇంగ్లీషు ఫ్యాక్టరీలో ఉన్న మతగురువు లెస్కాలియట్ ఆ నెలలోనే ఇంగ్లండ్‌లోని థామస్ బ్రౌన్‌కు రాసిన ఉత్తరంలో కూడా ఈ సంగతి ఉంది. ఆ ఇంట్లోకి వచ్చినవాళ్లు తొందరపడలేదు. పగలూ రాత్రీ వెతికారు. నేల తవ్వారు. పెద్ద ముత్యాలే 28 సేర్లు దొరికాయి. కెంపులు, పచ్చలు, నగలు, లెక్కకు అందని నగదు సరే సరి. శుక్రవారం సాయంత్రానికి పని ముగించి ఇంటికి నిప్పుపెట్టారు.

చరిత్ర చెప్పేటప్పుడు రెండు వైపులా చెప్పాలి. శివాజీ ఈ దాడిలో క్రైస్తవ సన్యాసి ఫాదర్ ఆంబ్రోస్ మఠాన్ని ముట్టుకోలేదు. డచ్చివాళ్ల బ్రోకరుగా పనిచేసి అప్పటికే చనిపోయిన మోహన్‌దాస్ పారేఖ్ దానశీలి అని విని అతని కుటుంబం ఇంటిని వదిలేశాడని ఫ్రెంచి యాత్రికుడు బెర్నియర్ రాశాడు. మరో వైపు, డబ్బు దాచారని అనుమానం వచ్చిన ఖైదీల చేతులు నరికించిన మాట కూడా నిజం. గురువారం నాడు ఇనాయత్ ఖాన్ రాయబారం పేరుతో ఒక యువకుణ్ణి పంపాడు. అతను మాట్లాడుతూ మాట్లాడుతూ కత్తి తీసి శివాజీ మీదికి దూకాడు. అంగరక్షకుడు అతని చెయ్యి నరికాడు. ఆ ఊపులో అతను శివాజీ మీద పడ్డాడు, ఇద్దరూ కింద దొర్లారు. రక్తం చూసి రాజు పోయాడనుకున్న సైనికులు ఖైదీలందరినీ చంపేయబోయారు. శివాజీ లేచి ఆపాడు. కోటలో దాక్కుని, రాయబారి చేతికి కత్తి ఇచ్చి పంపిన గవర్నరు నిర్వాకం వల్ల ఊళ్లోని ఖైదీల ప్రాణాల మీదికి వచ్చింది.

ఎవరు నిలబడ్డారు?

ఇప్పుడు సమాధిలో ఉన్న ఆక్సెండెన్ దగ్గరికి వద్దాం. ఆయన దగ్గర ఉన్నది ఓడల నుంచి దింపిన నావికులు, గుమస్తాలు కలిపి 150 మంది ఇంగ్లీషువాళ్లు, 60 మంది బంట్రోతులు. అంతా కలిపి రెండు వందల పైచిలుకు మందే. వాళ్లతో ఆయన డోళ్లు, బాకాలు మోగిస్తూ ఊరి వీధుల్లో కవాతు చేశాడు. ఫ్యాక్టరీ ఇంటి మీద చిన్న ఫిరంగులు ఎక్కించాడు. పక్కనే హాజీ సయ్యద్ బేగ్ ఇల్లు. ఆయన కోటలోకి పారిపోయాడు. మరాఠాలు ఆ ఇంటి తలుపులు బద్దలు కొట్టి దోచుకోవడం మొదలుపెట్టారు. ఇంగ్లీషువాళ్లు బయటికి వచ్చి వాళ్లను తరిమేసి ఆ ఇంటికి కాపలా కాశారు. డచ్చివాళ్లు కూడా తమ ఫ్యాక్టరీని కాపాడుకున్నారు.

రెండు వందల మంది క్రమశిక్షణతో నిలబడితే నాలుగు గోడలు దక్కాయి. ఐదు వందల మంది నిజంగా ఉండి ఉంటే, వాళ్లను నడిపే నాయకుడు ఉండి ఉంటే, ఊరు మొత్తం దక్కేదని నేను అనను. వాళ్ల ఎదుట ఉన్నవాడు శివాజీ. కానీ వీర్జీ వోరా ఇంటి నేలను రెండు రోజులు తీరిగ్గా తవ్వుకునే వెసులుబాటు మాత్రం దొరికేది కాదు.

ఆదివారం జనవరి 10న, మొఘల్ సైన్యం వస్తోందని వేగులవాళ్లు చెప్పగానే శివాజీ పొద్దున పది గంటలకల్లా వెళ్లిపోయాడు. మొఘల్ సైన్యం ఊళ్లోకి వచ్చింది 17న. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టయింది. కోట తలుపులు తెరుచుకుని ఇనాయత్ ఖాన్ బయటికి రాగానే జనం కేకలు వేసి అతని మీద బురద చల్లారు. దాంతో కోపం వచ్చి అతని కొడుకు తుపాకి పేల్చి ఒక పేద హిందూ చిరువ్యాపారిని చంపేశాడు. శత్రువు వచ్చినప్పుడు పేలని తుపాకి సొంత ఊరి మనిషి మీద పేలింది. మొత్తం కథలో నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఈ ఒక్క సంగతే. ఆ పేదవాడి పేరు కూడా ఎవరూ రాసిపెట్టలేదు.

మొఘల్ సేనాని ఆక్సెండెన్‌ను మెచ్చుకుని ఖిలత్, గుర్రం, కత్తి ఇవ్వబోయాడు. అవి సిపాయిలకు తగిన బహుమతులు, తాము వర్తకులం, వ్యాపారంలో ఏమైనా మేలు చేస్తే చాలని ఆయన మర్యాదగా వద్దన్నాడట. ఔరంగజేబు తర్వాత వర్తకులందరికీ ఏడాది పాటు సుంకం మాఫీ చేశాడు. ఇంగ్లీషు, డచ్చివాళ్లకు సుంకంలో శాశ్వతంగా తగ్గింపు ఇచ్చాడు. ఒక్కసారి ఆలోచించండి. చక్రవర్తి చేయాల్సిన పనిని విదేశీ వర్తకులు చేశారు, అందుకు రాయితీ పుచ్చుకున్నారు. మనల్ని మనం కాపాడుకోలేనప్పుడు కాపాడినవాడు ఊరికే పోడు.

అదే సంవత్సరం, మిగతా ప్రపంచం

1664 ఇంకా చాలా వాటికి గుర్తుండిపోయిన ఏడాది. అదే జనవరిలో శివాజీ తండ్రి షహాజీ కర్ణాటకలోని హొదిగెరె దగ్గర వేటలో గుర్రం మీంచి పడి చనిపోయాడు. మార్చి నెలాఖరున సిక్కుల ఎనిమిదో గురువు హర్ కృష్ణ ఢిల్లీలో మశూచితో కన్నుమూశారు. అప్పటికి ఆయన చిన్న బాలుడు. ఆగస్టులో ఫ్రాన్స్ మంత్రి కోల్బేర్ ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ పెట్టించాడు. ఆ కంపెనీ 1668లో సూరత్‌కు, 1669లో మన మచిలీపట్నానికి చేరింది. సెప్టెంబరులో అమెరికాలోని న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌ను ఇంగ్లీషువాళ్లు డచ్చివాళ్ల నుంచి లాక్కుని న్యూయార్క్ అని పేరు పెట్టారు. గోల్కొండలో అబ్దుల్లా కుతుబ్‌షా రాజ్యం చేస్తున్నాడు.

నవంబరు 25న మాల్వణ్ దగ్గర సముద్రంలోని దీవి మీద శివాజీ సింధుదుర్గం కోటకు పునాది వేశాడు. సూరత్ సొమ్ము ఆ రాళ్లలో కలిసిందని జనం చెప్పుకుంటారు. ఒకటి మాత్రం స్పష్టం. శివాజీకి వచ్చిన డబ్బు కోటలుగా, ఓడలుగా మారింది. సూరత్‌లో కాపలాకని ఇచ్చిన డబ్బు గవర్నరు ఇంట్లో చేరింది. రెండు రాజ్యాల మధ్య తేడా ఇంతకన్నా వివరంగా చెప్పనక్కర్లేదు. అదే ఏడాది చివర్లో ఔరంగజేబు రాజా జయసింహను దక్కన్‌కు పంపాడు. 1665 పురందర్ సంధిలో శివాజీ 23 కోటలు వదులుకోవాల్సి వచ్చింది. ఆయన మళ్లీ లేచిన సంగతి అందరికీ తెలిసిందే.

మళ్లీ లేచిన షావుకారు

లేచింది శివాజీ ఒక్కడే కాదు. అప్పటికి డెబ్బై దాటిన వీర్జీ వోరా కూడా లేచాడు. ఇల్లు కాలింది గానీ ఆయన ఆస్తి అంతా ఆ ఇంట్లోనే లేదు. ఆగ్రాలో, బుర్హాన్‌పూర్‌లో, గోల్కొండలో గుమస్తాల దగ్గర ఉన్న సరుకు, రావలసిన బాకీలు, అన్నిటికంటే ముఖ్యంగా పేరు మిగిలాయి. వర్తకుడికి పేరే అసలు పెట్టుబడి. 1666లో సూరత్ వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు థెవనో ఆయనతో స్నేహం చేసి, అప్పటికీ గొప్ప ధనవంతుడనే రాశాడు. ఇంగ్లీషువాళ్లు కూడా మళ్లీ ఆయన దగ్గరికే వెళ్లారు. 1670 ప్రాంతంలో ఆయన పేరు కాగితాల్లోంచి తగ్గిపోతుంది. వ్యవహారాలు మనవడు నాన్‌చంద్ చేతికి వచ్చాయి.

ఇక సూరత్ సంగతి. ఔరంగజేబు ఆజ్ఞ మీద ఊరి చుట్టూ ఇటుక గోడ లేచింది. 1670 అక్టోబరులో శివాజీ రెండోసారి వచ్చాడు. ఈసారి గోడ ఉంది. కానీ దాని మీద నిలబడడానికి ఉన్నది సుమారు 300 మంది. కాసేపు ఎదిరించి కోటలోకి పరుగెత్తారు. ఊరు మళ్లీ దోపిడీ అయింది. ఈసారి ఇంగ్లీషు ఫ్యాక్టరీని కాపాడినవాడు స్ట్రీన్‌షామ్ మాస్టర్. ఈయనే తర్వాత మద్రాసు గవర్నరై మచిలీపట్నం తనిఖీలకు వచ్చాడు. సూరత్ భయం వల్ల ఇంగ్లీషువాళ్లు మెల్లగా బొంబాయి వైపు మళ్లారు. 1687లో తమ ప్రధాన కేంద్రాన్ని అక్కడికే మార్చేశారు. గోడా, మనిషీ రెండూ లేని మొదటిసారి ఇల్లు పోయింది. గోడ ఉండి మనుషులు లేని రెండోసారి రేవే చేజారడం మొదలైంది.

సూరత్ మునిసిపాలిటీ ఇటీవల ఆ పాత కోటను బాగుచేసి మ్యూజియంగా తీర్చిదిద్దింది. ఈసారి అటు వెళ్లే సభ్యులు తప్పకుండా చూడండి. పిల్లల్ని కూడా తీసుకెళ్లండి. బురుజు మీద నిలబడి ఊరివైపు తిరిగితే, ఇనాయత్ ఖాన్ నాలుగు రోజులు చూస్తూ కూర్చున్నది అక్కడి నుంచేనని గుర్తు చేసుకోండి.

మన జీతం ఎవరిదో కాదు. ఎక్కడో పొలంలో రైతు, మగ్గం మీద నేతగాడు, దుకాణంలో వర్తకుడు కట్టిన పన్ను అది. వీర్జీ వోరా కూడా తన జీవితమంతా కట్టాడు. ఆయన కట్టినదానికి ఎదురుగా నిలబడాల్సిన 500 మంది కాగితం మీదే ఉండిపోయారు. మన రోల్‌కాల్‌లో పేరు పిలిచినప్పుడు ప్రతిసారీ హాజరు అని చెప్పే గొంతు ఒకటి నిజంగా ఉంటుంది. ఊళ్లో జనం నిశ్చింతగా నిద్రపోయేది ఆ గొంతును నమ్ముకునే.

జై హింద్.